పరగడుపున వచ్చిన సుంకులమ్మ

డాక్టర్ వకుళ గారికి ఒక అలవాటు. గర్భిణి వచ్చి ఎదురుగా కూర్చుంటే, రిపోర్టు బోర్లా పెట్టి ముందు ఆమెను మాట్లాడనిచ్చేవారు. రాయలసీమలోని ఒక ఆసుపత్రిలో ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు నిరంజన్‌కి ఇది వట్టి చాదస్తంగా తోచేది. బయట చూస్తే బారెడు క్యూ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడం, రక్తం సంగతి రిపోర్టే చెబుతుంది కదా. మళ్ళీ వీళ్ళను అడిగితే కొత్తగా ఏం తెలుస్తుంది?"

"తర్వాతి వాళ్ళను పిలువు," అన్నారావిడ.

వచ్చినామె సుంకులమ్మ. ఆమెది రక్తం ఇట్టే గడ్డకట్టే జబ్బు. దానివల్లే ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. ఇప్పుడు మూడోసారి, ఏడో నెల. రక్తం పలచబడే మందు రోజూ పొద్దున్నే తనే పొట్టకి సూదితో వేసుకుంటుంది. ఆ మందు తక్కువైతే బిడ్డకు గండం, ఎక్కువైతే తల్లికి రక్తస్రావం. అందుకే సూది వేసుకున్న నాలుగు గంటలకు రక్తం తీసి, మందు ఏపాటి పనిచేస్తోందో చూస్తారు.

ఆనాటి రిపోర్టులో మందు జాడే దాదాపు లేదు. నిరంజన్ గబగబా డోసు పెంచి చీటీ రాసేశాడు.

వకుళ గారు ఆ చీటీ మీద చెయ్యి పెట్టి, "పొద్దున సూది ఎన్నింటికి వేసుకున్నావమ్మా?" అని అడిగారు.

"ఏసుకోలేదమ్మా. చక్కెర పరీక్ష గూడా ఉంది, పరగడుపున రావాల, కడుపులోకి ఏమీ పోగూడదని పోయినసారి ఈ డాక్టరు సారే చెప్పినారు. ఇప్పటిదాకా నీళ్ళు గూడా ముట్టలేదు. సూది పొడుచుకునేది కడుపుకే కదా, అందుకే అదీ మానుకుంటి." అంతలోనే ఆమె ముఖం పాలిపోయింది. "తప్పు చేసినానా అమ్మా? బిడ్డకేమన్నా అయితాదా?"

నిరంజన్ తల ఎత్తలేకపోయాడు. ఆ మాట తనదే. క్యూ తరగాలని గడగడా అప్పజెప్పిన మాట. సూది మాత్రం మానొద్దని ఒక్క ముక్క కలపడానికి ఎంతసేపు పట్టేది? పెంచిన డోసుతో ఆమె ఇంటికి వెళ్ళిపోయి ఉంటే?

వకుళ గారు బిడ్డ గుండె చప్పుడు సుంకులమ్మకి వినిపించారు. అది నిబ్బరంగా కొట్టుకుంటోంది. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వకుళ గారు వెంటనే పాత డోసే వేయించి, నాలుగు గంటలాగి మళ్ళీ రక్తం తీయమని చెప్పి, ముందు ఆమెకు నాలుగు ఇడ్లీలు తెప్పించారు.

నిరంజన్ తన చీటీ చించేశాడు. "ఆ రిపోర్టు పనికిరాదు మేడం," అన్నాడు.

"దాచిపెట్టుకో నాయనా," అన్నారావిడ. "నీ మాట ఎంత గట్టిగా పనిచేసిందో అందులో ఉంది."