వెదురు గుర్తుల సొంతదారు

పూర్వం ఒక ఏరు సముద్రంలో కలిసేచోట, వరద వచ్చిపోయినప్పుడల్లా ఇసుకమేటలు చోటు మారేవి. పల్లెవాళ్ళు మళ్ళీ లోతు చూసి, పడవల దారి పొడుగునా వెదుళ్ళు పాతేవారు. ఆ గుర్తులు ఎవరైనా చూసుకుని పోవచ్చు, ఎవరూ అమ్ముకోకూడదన్నది కట్టుబాటు.

విరూపాక్షుడనే వర్తకుడు ఆ దారిని గుడ్డమీద గీయించి పడవలవాళ్ళకు అమ్మసాగాడు. అంతటితో ఊరుకోక, గుర్తులు తనవేననీ, పల్లెవాళ్ళు వాటిని ఊరికే చూపించి తన బేరం చెడగొడుతున్నారనీ రాజుకు ఫిర్యాదు చేశాడు.

పడవ నడిపే సన్యాసమ్మ పల్లె తరఫున సభకు వచ్చింది. వాదించి లాభం లేదని ఆమెకు తెలుసు. రాజుగారు కూడా ఆ గుడ్డల్లో ఒకటి కొన్నారు మరి.

"ఆ గుర్తులు తమరివేనా బాబూ?" అని వర్తకుణ్ణి అడిగింది.

"ప్రతి వెదురూ నాదే!"

"బతికించారు. పొద్దున మారాజుగారి పడవ ఆ వెదుళ్ళ పక్కనే మేటెక్కి బద్దలైంది. మా పీకల మీదికొస్తుందేమోనని హడలిపోయాం."

రాజు వర్తకుడివైపు తిరిగాడు.

"అయ్యో, అవి వీళ్ళు పాతినవే ప్రభూ! నేను చూసి గీయించానంతే!"

సన్యాసమ్మ చేతులు జోడించింది. "పడవ రేవులో క్షేమంగా ఉంది మారాజా. గుర్తులు మావి కదా!"