రాజుగారి బండి బానెట్టు

అనగనగా ఒక కొండ రాజ్యం, దానికి మణిసేనుడనే రాజు. రాజన్నాక గుర్రం ఉండాలి కదా అని అడగబోతున్నారు, నాకు తెలుసు. ఈ రాజుకు కారుంది. కథ నాది, ఊరుకుని వినండి.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. రాజుగారి కారు బానెట్టు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే నిండు సభలో రాజుగారి తలపాగా తీసినంత తప్పు. టైర్లు మార్చవచ్చు, పెట్రోలు పోయవచ్చు, అద్దాలు తుడవవచ్చు. బానెట్టు జోలికి మాత్రం పోకూడదు.

ఒక ఏడాది ఆ కారుకు జబ్బు చేసింది. పొద్దున్నే స్టార్టు చేస్తే వణికేది, దగ్గేది. కొండ ఎక్కమంటే మొదటి మలుపులోనే ఆయాసపడి ఆగిపోయేది. కొండ మీది పల్లెల వాళ్లేమో రాజు వచ్చి తమ మొర వింటాడని కళ్లు కాయలు కాచేలా ఎదురు చూస్తున్నారు.

అప్పుడు మంత్రి సువచనుడు ముందుకొచ్చాడు. రాజుకు రుచించని మాట ఆయన నోట ఏనాడూ రాలేదు. "మహాప్రభూ, తమ కారుకు లోపమా! చిన్న నలత, అంతే" అని ఒక సీసా మందు తెప్పించి పెట్రోలు ట్యాంకులో పోయించాడు. ఆ వెంటనే ఊళ్లోని మెకానిక్కులందరినీ పిలిపించాడు. 'రాజుగారి బండి దివ్యంగా ఉంది' అని రాసిన కాగితం మీద వేలిముద్రలు వేయమన్నాడు. అందరూ వేశారు. పైడమ్మ ఒక్కతే వేయలేదు.

పైడమ్మ కొండ మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని ముప్పై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న మనిషి. ఆ షెడ్డూ, అందులోని పానాలూ తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు.

"ఏం, వేలు నొప్పా?" అన్నాడు మంత్రి.

"వేలికేటి కాలేదు బాబూ. ఈ కొత్త బళ్లలో పెట్రోలు తిన్నగా ఇంజను కడుపులో పడిపోతాది. గాలి వచ్చే దారి వేరు. ఆ దారికున్న తలుపుల్నే వాల్వులంటారు. పాత బళ్లలో పెట్రోలు ఆ తలుపుల మీంచి పోయి వాటిని కడిగేసేది. ఇప్పుడు కడిగేదెవరు? ఆయిలు ఆవిరి అంటుకుని మసి గడ్డ కట్టేసింది. ట్యాంకులో పోసిన మందు ఆ మసి మొహమైనా సూడదు. బానెట్టు ఎత్తాలి, తలుపులు శుభ్రం సెయ్యాలి."

సభ చెవులు మూసుకుంది. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ షెడ్డు ఉండదు!" అని మంత్రి గుడ్లురిమాడు.

కారు మొదటి మలుపులోనే ఆగింది.

మర్నాడు మంత్రి మూడు సీసాలు ఒక్కసారే పోయించాడు. మళ్లీ కాగితం, మళ్లీ వేలిముద్రలు. "నిన్న లేని నిజం ఇవాళ ఎక్కణ్ణుంచి వస్తాది బాబూ?" అని పైడమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. కారు మొదటి మలుపు దాకా కూడా పోలేదు.

మూడో రోజు మంత్రికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. "లోపం కారులో లేదు, కొండలో ఉంది. మరీ నిటారుగా పెరిగింది. కొండను తవ్వి పల్లం చేయండి" అని చాటింపు వేయించాడు. ఇంటికో గునపం. తవ్వకం కొండ మొదట్లోంచి, అంటే పైడమ్మ షెడ్డు నుంచి మొదలవుతుంది!

పైడమ్మకు భయం వేయలేదనుకోకండి. వేసింది. కానీ భయం కంటే మంట ఎక్కువైంది. మసిని మసి అన్నందుకు కొండనే కూల్చేస్తారా?

తెల్లారింది. గునపాలతో జనం వచ్చారు. దగ్గుకుంటూ రాజుగారి కారూ వచ్చింది. పైడమ్మ పానా పట్టుకుని తిన్నగా కారు ముందుకు నడిచింది. అందరూ చూస్తుండగా బానెట్టు ఎత్తేసింది.

భటులు కత్తులు దూశారు.

"నరికితే నరకండి. ముందు ఒక్కసారి లోపలికి సూడండి మారాజా, ఆనక నరుకుదురు" అంది పైడమ్మ.

రాజు తన కారు ఇంజను ఏనాడూ చూసి ఎరగడు. కుతూహలం ఆగక దిగి వచ్చాడు. పైడమ్మ గాలిగొట్టం విప్పి, వేలు పెట్టి చూడమంది. రాజుగారి వేలు నల్లగా బయటికి వచ్చింది.

"ఇది నా బండిలోదేనా?"

"తమ బండిలోదే."

రాజు ఆ వేలిని మంత్రికి చూపించి, పైడమ్మ వైపు తిరిగాడు. "బాగుచేయగలవా?"

"బాగవకపోతే షెడ్డు కూల్చుకోండి. గునపం నేనే అందిస్తాను."

పైడమ్మ అక్రోటు పెంకులు నూరిన పొడి తెచ్చింది. ఆ పొడి మసిని రాలుస్తుంది, ఇనుము మీద గీత పడనివ్వదు. గాలిపంపుతో పొడిని తలుపుల మీదికి కొట్టి, రాలిన మసినీ పొడినీ పీల్చి తీసేసింది. "త్వరగా కానీ!" అని మంత్రి సణిగాడు. ఆమె వినిపించుకోలేదు. ప్రతిసారీ ఇంజనును చేత్తో తిప్పి, తలుపు మూసుకున్నాకే పొడి కొట్టింది. తలుపు తెరిచి ఉండగా కొడితే పొడి లోపల పడి ఇంజనే పాడవుతుంది. ఇంజనులో నాలుగు గదులు. నాలుగింటికీ అంతే ఓపిక పట్టింది.

మధ్యాహ్నానికి కారు స్టార్టయింది. వణకలేదు, దగ్గలేదు. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. మూడోది దాటి కొండెక్కింది. జనం గునపాలు పారేసి కారు వెనకాల పరుగెత్తారు.

"ఇన్నాళ్లూ నాకు నిజం ఎందుకు చెప్పలేదు?" అని రాజు మంత్రిని అడిగాడు.

"తమ బండిలో మసి ఉందని ఎలా అనగలం ప్రభూ?" అని మంత్రి గొణిగాడు. ఆ గునపాలన్నీ ఏరి ఇంటింటికీ తిరిగి ఇచ్చే పని ఆయనకే పడింది.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు పైడమ్మతో.

"ఆ కాగితం ఇప్పించండి మారాజా."

కాగితం వచ్చింది. మసి నిండిన బొటనవేలు దాని మీద గట్టిగా నొక్కింది పైడమ్మ. "ఇప్పుడు నిజం" అంది.

మోచేతుల దాకా నల్లబడిన చేతులు తుడుచుకోవడానికి ఆమె గుడ్డ కోసం వెతుక్కుంటుంటే, రాజు తన తలపాగా తీసి ఆమె చేతికిచ్చాడు.

కాబట్టి పిల్లలూ, లోపలి మసి పైన పోసిన మందుకు పోదు. మూత ఎత్తి చూపించే ధైర్యం ఒకరికి, వేలు పెట్టి చూసే మనసు ఇంకొకరికి ఉంటేనే పోతుంది.