ఓబులేసు నిలబడిన చోటు

నరసోజి చేసిన యంత్రం రెండోసారి పేలినప్పుడు ఓబులేసు ఎడమ కన్ను పోయింది.

బేతంచెర్లలో బండలు కొట్టేవాళ్ల ఉలులు, గడ్డపారలు సాగదీసే కొలిమి అది. ఉస్తాద్ హుస్సేనప్పది. నరసోజి, ఓబులేసు ఇద్దరూ ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు. బొగ్గు పొగకు అందరూ దగ్గి దగ్గి చస్తుంటే, పొగ లేని కరెంటు కొలిమి నేనే చేస్తానని నరసోజి పట్టుబట్టాడు. రాగి గొట్టాన్ని చుట్టగా తిప్పి, మధ్యలో ఉలి పెట్టి కరెంటు పంపితే ఇనుము దానంతట అదే ఎర్రబడుతుంది. ఆ చుట్ట వెనకాల కెపాసిటర్లు ఉండాలి. కరెంటును మింగుతూ, కక్కుతూ క్షణం ఊరుకోని డబ్బాలవి. కరెంటు బరువంతా మోసేవి అవే. పేలిందీ వాటిలో ఒకటే.

ఓబులేసును ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. నరసోజి చూడ్డానికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోతాడు? కొలిమిలోనే పడుండి మళ్లీ కెపాసిటర్లు కట్టడం మొదలుపెట్టాడు. ఇది నిలబడితే అప్పుడు పోతాను అనుకున్నాడు. యంత్రం మంచిదని తేలితే తన పాపం సగమైనా తగ్గుతుందని వాడి ఆశ. పిచ్చి ఆశ! పోయిన కన్ను యంత్రం తెచ్చిస్తుందా?

ఒకరోజు ఓబులేసు పెండ్లాం గుమ్మం దాకా వచ్చింది.

"నరసన్నా, నీకేమన్నా తగిలిందేమోనని మా ఇంటాయన ఒకటే అడుగుతాండాడు. ఒకసారి వచ్చి కనపడి పోరాదా?"

నరసోజి డబ్బా బిగిస్తూనే ఉన్నాడు. పని కాగానే వస్తానన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

పని అయిందనిపించాక ఉస్తాద్‌ను పిలిచాడు.

"చూడండి ఉస్తాద్. ఈసారి పేరున్న కంపెనీ సరుకు తెప్పించినా. పోయినసారి పేలింది వరసలో మొదటి డబ్బా, అది నకిలీది. అంతకు ముందు పేలిందీ మొదటిదే, అదీ నకిలీదే. నా పనిలో వంక లేదు."

హుస్సేనప్ప వంగి చూశాడు. రెండు రాగి పట్టీల మధ్య డబ్బాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. మధ్యలో కాగితం కూడా దూరదు. నరసోజి కమ్మరింట పుట్టినవాడు కదా, అతుకులో సందు కనిపిస్తే పని రానివాడంటారని చిన్నప్పటి నుంచీ విన్నాడు. కరెంటు వచ్చే తీగనూ, చుట్టకు పోయే తీగనూ పట్టీలకు ఒకే కొసన, మొదటి డబ్బా వైపు బిగించాడు. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది.

"గట్టిగా ఉందా?" అని అడిగాడు ముసలాయన.

"రాయి మాదిరి ఉండాది ఉస్తాద్. గ్యారంటీ."

"పేలదా?"

"పేలితే నా తల తీసి మీ కాళ్ల కాడ పెడతా."

హుస్సేనప్ప మూలనున్న ముక్కాలిపీట తెచ్చి చుట్ట పక్కన, మొదటి డబ్బాకు ఎదురుగా వేశాడు. ఆరోజు ఓబులేసు పట్టకారు పట్టుకుని నిలబడిన చోటు అది. నేల మీద నల్ల మచ్చ ఇంకా పోలేదు. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, పీట మీద కూర్చుని, మొహం ముందుకు వంచాడు. డబ్బాకూ ఆయన కళ్లకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

"వెయ్ స్విచ్."

నరసోజి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"అంత దగ్గరెందుకు ఉస్తాద్? ఇట్లా రండి."

"గ్యారంటీ అంటివి కదప్పా. వెయ్."

నరసోజి చెయ్యి స్విచ్ మీదకు పోయింది. అక్కడే ఆగింది. ఉస్తాద్ రెప్ప వేయడం లేదు. నరసోజి ఆ ముసలి కళ్ల ఎదుట ఉన్న డబ్బాను చూశాడు. నకిలీ సరుకైతే, ప్రతిసారీ మొదటి చోటికే వచ్చి ఎందుకు కూర్చుంటుంది? తీగకు దగ్గరున్నది అదే. బరువు ముందు దాని మీదే పడుతోంది. ఆ వేడి బయటికి పోవడానికి పక్కన సందు లేదు. సందు లేకుండా చేసింది ఎవరు?

"నావల్ల కాదు ఉస్తాద్," అని నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

హుస్సేనప్ప లేచి, కళ్లద్దాలు పెట్టుకుని, నమాజుకు పోయాడు.

నరసోజి కట్టిందంతా విప్పాడు. నాలుగు పెద్ద డబ్బాలు మోసే బరువును ఎన్నో చిన్న డబ్బాలకు పంచాడు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వేలు దూరేంత సందు వదిలాడు, గాలికి ఫ్యాను పెట్టాడు. రాగి పట్టీలు వెడల్పు చేసి, తీగలను కొసన కాకుండా నడిమిన బిగించాడు. కొంచెం కరెంటుతో కాసేపు నడపడం, ఆపడం, లోపల మిగిలిన కరెంటు దింపి ఒక్కోదాన్నీ వేళ్లతో తాకి చూడడం. ఏ ఒక్కటి పక్కదానికంటే వెచ్చగా తగిలినా మళ్లీ విప్పేవాడు. తిండి మీద ధ్యాస పోయింది. ఆ రోజుల్లోనే ముసలాయన గుమ్మం పక్కన ఒక్కడే ఇటుకలు పేర్చుకుంటూ గోడ లేపుతున్నాడు. ఎందుకని నరసోజి అడగలేదు.

చివరికి అన్నీ ఒకే తీరుగా తగిలాయి. ఇక మిగిలింది పూర్తి కరెంటు పెట్టి చూడడమే. ఉస్తాద్‌ను పిలిచాడు. ఈసారి గ్యారంటీ మాట ఎత్తలేదు. తనే పీట తెచ్చి ఆ నల్ల మచ్చ మీద వేసి, కూర్చుని మొహం వంచాడు.

"మీరు వెయ్యండి ఉస్తాద్."

హుస్సేనప్ప వాడి రెక్క పట్టుకుని లేపాడు. పీటను కాలితో అవతలికి నెట్టాడు. వాణ్ని నడిపించుకుంటూ కొత్త గోడ వెనక్కి తీసుకుపోయాడు. ముందు రాత్రే ముసలాయన స్విచ్ అక్కడికి మార్పించాడు.

"నాకు నిజంగా నమ్మకముంది ఉస్తాద్," అన్నాడు నరసోజి.

"ఓబులేసుకూ ఉండె. నీ మీద."

నరసోజి గోడ వెనక నుంచే స్విచ్ వేశాడు. చుట్టలో ఉలి ఎర్రబడింది. ఏదీ పేలలేదు. ఉలి తెల్లబడేదాకా చూసి ముసలాయన తల ఊపాడు.

నరసోజి ఉలి వైపు చూడలేదు. స్విచ్ ఆపి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని ఓబులేసు ఇంటికి నడిచాడు.