లోపల కనపడని పాట

వేపగుంట వారింట్లో అందరూ బుద్ధిమంతులే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవారు.

"కంటితో చూడందే మనం ఏదీ నమ్మం. మనల్ని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు" అనేవాడు పెద్దవాడు పేరయ్య.

"పుడితే కనిపించేవాడు కదన్నయ్యా" అనేవాడు తమ్ముడు గవర్రాజు.

వాళ్ళ తల్లి మాణిక్యాంబ గారికి ఒక నియమం. పొద్దున్నే రేడియోలో వేంకటేశ్వరస్వామి మేలుకొలుపు వింటే గాని కాఫీ చుక్క ముట్టదు. ఆ రేడియో కాస్తా మూగబోయింది. అంతే, ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని మంచమెక్కింది.

అన్నదమ్ములు పట్నం పరుగెత్తారు. కొట్టాయన గాజులా మెరిసే పెట్టెలో ఉన్న కొత్తరకం రేడియో చూపించాడు. మామూలు దానికంటే ఖరీదెక్కువ.

"ఇందులో దాపరికం లేదండీ. లోపలున్నదంతా పైకి కనిపిస్తుంది."

"అంతానా?"

"అంతానండీ!"

ఆకుపచ్చ పలక, ఎర్రతీగలు చూసి పేరయ్యకి కళ్ళు చెమర్చాయి. "ఎంత నిజాయితీరా! ఇంతకీ ఇవేం చేస్తాయంటావు?"

"కనిపిస్తున్నాయిగా అన్నయ్యా, ఇంక తెలుసుకునేదేముంది?"

మర్నాడు తెల్లారగానే రేడియో పెట్టారు. మేలుకొలుపు మొదలైంది. మాణిక్యాంబ గారు చేతులు జోడించింది. పేరయ్య వంగి పెట్టెలోకి చూశాడు. ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు.

"ఆగమ్మా! పలక ఉంది, తీగలున్నాయి. పాటేదీ?"

"వినిపిస్తోందిగా నాయనా."

"వినిపిస్తోంది, కనిపించట్లేదు. కనిపించలేదంటే ఇందులో లేనట్టే. ఇది పక్కింటి సోమలింగం బాబాయి పాట!"

"శివశివా! పరాయివాళ్ళ పాట విని కాఫీ తాగబోయానా!" అని ఆవిడ చెంపలేసుకుంది.

ఇంకేముంది, ఇద్దరూ పక్కింటి మీద పడ్డారు. "బాబాయ్, నీ రేడియో కట్టెయ్. మాది వినపడట్లేదు."

వేపపుల్ల నములుతున్న సోమలింగం తెల్లబోయాడు. "మా ఇంట్లో రేడియో ఎక్కడిదిరా?"

"నీ గోడలోంచి ఏమైనా కనిపిస్తోందా, నమ్మడానికి?"

అంతే, గవర్రాజు గునపం తెచ్చి రెండిళ్ళ నడిమి గోడకి కంత పెట్టాడు. ఇటుకలు వెళ్ళి సోమలింగం మజ్జిగకుండలో పడ్డాయి. పేరయ్య కంతలో తలదూర్చి చూశాడు. రేడియో లేదు.

"దాచేశాడ్రా!"

పేరయ్య పెళ్ళాం కనకం అందరికన్నా తెలివైనది. "పాట ఎటునుంచి వస్తోందో తెలియాలంటే ముందు మన రేడియో కట్టెయ్యండి" అంది. కట్టేశారు. పాట ఆగిపోయింది.

"చూశావా! దొరికిపోయానని భయపడి బాబాయి కట్టేశాడు!" అన్నాడు పేరయ్య.

"హమ్మయ్య, ఇప్పుడు మనది వినండత్తయ్యా" అంది కనకం.

మాణిక్యాంబ గారు కళ్ళు మూసుకుని ఆ నిశ్శబ్దాన్ని భక్తిగా వింది. "ఎంత నిజాయితీ గల రేడియో! కనిపించినంతే వినిపిస్తోంది. స్వామి ఇవాళ మౌనంగా మేలుకున్నాడు. కాఫీ తేవే."

కనకం ఇత్తడి గ్లాసు తెచ్చింది.

"ఇదేమిటే, లోపలేముందో పైకి కనిపించట్లేదు!"

అందరూ ఇల్లంతా గాలించారు. ఉన్నవన్నీ ఇత్తడీ కంచూ. ఇటునుంచి చూస్తే అటు కనిపించేది ఒక్క జల్లెడే. అత్తగారు దాన్ని రెండు చేతులా పట్టుకుంది. కనకం గిన్నెడు కాఫీ వంచేసింది. నేలంతా కాఫీ.

మాణిక్యాంబ గారు జల్లెడలోకి చూసింది.

"దాపరికం లేదు సరే, ఇంత పిసినారితనమేమిటే కోడలా? ఇంకాస్త పొయ్యవే!"