తియ్యనీళ్ల నుయ్యి

దొరల ఏలుబడిలో సముద్రపు ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి మునసబు సూరపరాజు ఎంతో ఆర్భాటంగా నుయ్యి తవ్విస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. కూరపాదులు వేసుకుని బతికే పోలమ్మ నూతిలో మాత్రం కొబ్బరినీళ్లలాంటి నీళ్లు. ఊరంతా బిందెలతో ఆమె పెరట్లోకి పోతుంటే చూసి చూసి మునసబుకి కడుపు మండిపోయేది.

ఇంతలో కలరా చట్టం వచ్చింది. చెడ్డనీళ్ల నుయ్యి పూడ్చెయ్యాలి, ఆ నీళ్లు తాగినవాళ్లను రోగం లేదని తేలేదాకా ఊరవతల పాకలో ఉంచాలి. మునసబు వెంటనే పోలమ్మ నూతి మీద ఫిర్యాదు పంపాడు. విచారణకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మొదట మునసబు ఇంట్లో భోంచేసి, ఆయన్ని వెంటబెట్టుకుని నూతి దగ్గరికి వచ్చాడు.

"దీన్ని పూడ్పించాలమ్మా," అన్నాడు.

పోలమ్మ తన పాదుల వైపు చూసింది. నుయ్యి పోతే పాదులెండిపోతాయి. అయినా నెమ్మదిగానే అడిగింది.

"చట్టాన్ని కాదనను బాబూ. మునసబుగారింట్లో తమరు తాగిన నీళ్లు ఉప్పగా ఉన్నాయా, తియ్యగా ఉన్నాయా?"

"తియ్యగానే ఉన్నాయి."

"ఊళ్లో తియ్యనీళ్లు ఈ నూతిలోనే ఉన్నాయి బాబూ. మరి తమరూ, మునసబుగారూ పాకలోకి ఎప్పుడు వెళతారు? చాపలు పరిపిస్తాను."

ఇన్‌స్పెక్టరు మొహం మాడ్చుకుని మునసబు వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఈ నీళ్లు మంచివా, చెడ్డవా?"

సూరపరాజు చేతులు జోడించాడు. "మంచివేనండి. నేనే పొరబడ్డాను."

ఇక రాత్రిపూట చాటుగా తోడుకోవడమెందుకని మర్నాడు మునసబు భార్య పట్టపగలే బిందె పట్టుకుని వచ్చి, పోలమ్మ పెరట్లో అందరితోపాటు వరసలో నిలబడింది.