వరహాలయ్య ఇత్తడి డబ్బా

విజయనగరంలో గడియారాలు బాగుచేసే వరహాలయ్యకి రూపాయి బిళ్లని మాయం చేసే మేజిక్ సామాను అంటే ప్రాణం, దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ప్రాణసంకటం.

ఆయన ఇంట్లో అద్దాల బీరువా నిండా అవే ఉండేవి. అన్నిట్లోకీ ముద్దుబిడ్డ, అరచేతిలో ఇమిడిపోయే ఒక ఇత్తడి డబ్బా. అందులో రూపాయి వేసి, మూత పెట్టి, అడుగున కంటికి కనబడని మీట నొక్కితే చాలు, రూపాయి చప్పుడు లేకుండా దొంగ అరలోకి జారిపోయేది. మూత తీస్తే ఖాళీ! ఏం పనితనం, ఏం పనితనం! వరహాలయ్య రోజూ పొద్దున్నే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకసారి నొక్కి చూసుకుని, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఎన్నడూ ఎవరికీ ఆడి చూపించలేదు. చూపిస్తే ఎవడైనా "ఏదీ, ఒకసారి ఇటివ్వండి" అంటాడని భయం.

"దేవుడికైనా ఇంత సేవ చెయ్యరు కదండీ" అని భార్య నూకరత్నం దెప్పేది.

ఆయన చిన్ననాటి స్నేహితుడు అప్పలస్వామి ఒకప్పుడు ఊళ్లో పేరున్న మేజిక్ మాస్టారు. డబ్బాలూ గిబ్బాలూ లేకుండా వట్టి చేతులతోనే రూపాయిని మాయం చేసేవాడు. పక్షవాతం వచ్చి తగ్గాక చేతులు వణకడం మొదలెట్టాయి. పాపం, ఆట మానేశాడు.

ఒకరోజు అప్పలస్వామి వరహాలయ్య ఇంటికి వచ్చాడు.

"ఒరే వరహాలూ, ఆదివారం మా మనవరాలు లాస్య పుట్టినరోజురా. మా తాత మేజిక్ చేస్తాడని అది బళ్లో అందరికీ చెప్పేసింది. మీ తాత కాఫీ గ్లాసే పట్టుకోలేడట కదా అని పిల్లలు ఏడిపిస్తున్నారట. నిన్న అన్నం కూడా తినలేదు. నీ ఇత్తడి డబ్బా ఒక్కపూట ఇస్తావా? దానికి ఒక్క నొక్కు చాలు. వణికే చేతులైనా సరిపోతాయి" అన్నాడు.

వరహాలయ్య బీరువా తాళంచెవి తడుముకున్నాడు. "అది కాదురా... దాని స్ప్రింగు చాలా సున్నితం..." అని నసిగాడు.

"చాల్లెండి సంబడం! స్నేహితుడి కంటే స్ప్రింగు ఎక్కువైపోయిందా?" అని నూకరత్నం కసిరింది.

"ఇస్తాన్లేవే! నేనే పట్టుకెళ్తాను" అన్నాడు వరహాలయ్య.

ఆదివారం సాయంత్రం డబ్బాని పురిటిబిడ్డలా పొదివి పట్టుకుని వెళ్లాడు. స్నేహితుడికి ఇచ్చి, సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. లాస్య అందరికంటే ముందు నిలబడింది. అప్పలస్వామి డబ్బాలో రూపాయి వేశాడు. మూత పెట్టాడు. వణుకుతున్న బొటనవేలు మీట కోసం వెతికింది, ఒకసారి జారింది. ఆయన ఈసారి కాస్త గట్టిగా నొక్కబోయాడు.

అంతే, వరహాలయ్య ఎగిరి నిలబడ్డాడు. "ఒరే ఒరే, మెల్లిగా! అడుగున మీట అంత గట్టిగా నొక్కకురా, స్ప్రింగు పోతుంది!"

"ఓహో, అడుగున మీటుందా!" అన్నాడొక పిల్లాడు. అందరూ గొల్లున నవ్వారు. లాస్య ముఖం చిన్నబోయింది.

అప్పలస్వామి ఒక్క మాట కూడా తిట్టలేదు. డబ్బా తెచ్చి వరహాలయ్య చేతిలో పెట్టాడు. "తీసుకోరా. దానికేం కాలేదు" అన్నాడు.

నిజమే, దానికేం కాలేదు. చిన్న గీత కూడా పడలేదు. అది చూసుకుని వరహాలయ్యకి జన్మలో మొదటిసారి సిగ్గేసింది.

మర్నాడే వెళ్లి, "తప్పయిపోయిందిరా. పిల్లల్ని మళ్లీ పిలువు. ఈసారి డబ్బా ఇస్తాను, నోరు కూడా మూసుకుంటాను" అన్నాడు.

అప్పలస్వామి నవ్వాడు. "రెండోది నీ వల్ల కాదు గానీ, లోపలికి రా" అన్నాడు. ఇద్దరూ తలుపేసుకుని చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

మళ్లీ ఆదివారం పిల్లలు వచ్చారు. అప్పలస్వామి రూపాయి వేసి మూత పెట్టగానే "అడుగున మీటుంది తాతా, మాకు తెలుసు!" అని అరిచారు.

"అయితే మీరే నొక్కండి" అని ఆయన డబ్బాని వాళ్లకే ఇచ్చేశాడు.

డబ్బా చేతులు మారింది. ఒకడివి జిలేబీ చేతులు. ఇంకొకడు లాక్కోబోయాడు. ఠంగుమని కింద పడింది! అందరూ వరహాలయ్య వైపు తిరిగారు. నూకరత్నం కళ్లు మూసేసుకుంది. ఆయన రెండు చేతులతో మోకాళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏం పరవాలేదర్రా. తీసి నొక్కండి, గట్టిగానే నొక్కండి" అన్నాడు.

నొక్కారు. మూత తీసి, దొంగ అర కూడా వెతికారు. అందులోనూ రూపాయి లేదు!

అప్పలస్వామి మెల్లిగా నడిచి వచ్చాడు. వణికే చేత్తోనే వరహాలయ్య చొక్కా జేబులోంచి రూపాయి తీసి చూపించాడు. పిల్లలు ఇల్లెగిరిపోయేలా చప్పట్లు కొట్టారు. "చూశారా! మా తాత!" అంటూ లాస్య ఆయన నడుం పట్టుకుని వదల్లేదు. వరహాలయ్య కళ్లు తుడుచుకున్నాడు. డబ్బా కోసం కాదు లెండి.

రూపాయి అక్కడికి ఎలా వెళ్లిందంటారా? అది వాళ్లిద్దరికే తెలుసు. నేనెంత బతిమాలినా చెప్పలేదు. ఆ డబ్బాకి మూత దగ్గర ఇప్పటికీ ఒక సొట్ట ఉంది. ఎంతటి గడియారాన్నైనా బాగుచేసే వరహాలయ్య ఆ సొట్టని మాత్రం తియ్యలేదు. బీరువాకి తాళం కూడా వెయ్యడం లేదు.

నీతి: ఇచ్చిన వస్తువు మీద బెంగ కూడా వదులుకుంటేనే ఇచ్చినట్టు.