రెండువేల ఐదువందల ఇరవై ఒక్క కడవలు

అనగనగా చినుకు పడితేనే గింజ పండే ఒక మెట్ట రాజ్యం. దాని రాణి కామసాని. ఆమె పంతం పట్టి, దూరాన ఉన్న ఏటి నుంచి కాలువ తవ్వించింది. తొలినీళ్లు వచ్చిన నాడు ఊరూరి ఆడవాళ్లు కడవలు నింపుకుని, వరుసలు కట్టి కోటకు నడవాలని చాటింపు వేయించింది.

రెండువేల ఐదువందల ఇరవై ఒక్కమంది వచ్చారు.

వారిలో నూకాలు ఒకతె. ఆమె పెనిమిటి ఆ కాలువ తవ్వుతూనే గట్టు విరిగి మీదపడి చనిపోయాడు. "మొగుడు లేనిదానివి, వెనక్కి పో" అని తోటివాళ్లు ఆమెను చిట్టచివరకు నెట్టారు. నూకాలుకు ఒళ్లు మండింది. పండగపూట గొడవెందుకని పంటిబిగువున ఊరుకుంది.

కాలువ గట్టున వరుసలు తీర్చే పని మంత్రి గుండనది. "పదేసి మంది నిలబడండి" అన్నాడు. వరుసలన్నీ నిండాయి. చివర నూకాలు ఒక్కతే మిగిలింది.

"తొమ్మిదేసి" అన్నాడు. మళ్లీ నూకాలే మిగిలింది.

"ఎనిమిదేసి" అన్నాడు. అప్పుడూ ఆమే.

గుండన మొహం చిట్లించాడు. "ఇది అపశకునం. దీని కడవ పగలగొట్టి పొలిమేర దాటించండి. ఇదొక్కతి పోతే వరుసలన్నీ వాటంతటవే నిండుతాయి."

భటుడు కడవ మీద చెయ్యి వేశాడు. నూకాలు వదల్లేదు.

"నా పెనిమిటి ప్రాణం ధారపోసి తెచ్చిన నీళ్లయ్యా ఇవి" అంది. "నేను పోతే వరుసలు నిండుతాయి, నిజమే. మీ ఇల్లాలు పోయినా నిండుతాయి. నన్ను ముందు నిలిపి, ఆమెను చివర నిలిపి చూడండి."

ఆ మాట ఏనుగు మీదున్న రాణి చెవిన పడింది. "అలాగే చేయండి" అంది.

నూకాలు ముందుకు వచ్చింది, కడవతో మొదటి వరుసలో ఉన్న మంత్రి భార్య నాగసాని చివరకు వెళ్లింది. ఏడేసి మందిని నిలిపారు. నాగసాని మిగిలింది. ఆరేసి మందిని నిలిపారు. ఆమే మిగిలింది. ఐదేసి మందిని నిలిపినా ఆమే.

"నేనేం పాపం చేశాను?" అని నాగసాని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేను మాత్రం ఏం చేశానమ్మా?" అంది నూకాలు.

గుండన తల దించుకున్నాడు. రాణి అతని వైపు కోపంగా చూసింది.

"రెండు మొదలు పది దాకా దేనితో పంచినా ఒకటి మిగిలే సంఖ్య ఇది. పది దాటి పోయినా, తాను తప్ప మరే సంఖ్యా దీన్ని సమంగా పంచలేదు. మిగలడం దాని గుణం. చివర ఎవరుంటే వాళ్లే మిగులుతారు. లెక్కలు తెలిసిన నువ్వు సంఖ్యను చూడకుండా, దిక్కులేనిదాన్ని చూశావు."

అని ఏనుగు దిగి, ఒక కడవ నింపి భుజాన పెట్టుకుని, నూకాలు పక్కన నిలబడింది.

"ఇప్పుడు ఇద్దరేసి నడవండి."

అందరికీ జత దొరికింది. నాగసాని పక్కన కూడా ఒకామె వచ్చి నిలబడింది. నూకాలు కోపం మాత్రం కోట చేరేదాకా చల్లారలేదు. చల్లార్చుకోమని రాణి అడగనూ లేదు.

లెక్కలో మిగిలినవారిని దోషులనడం అధర్మం. వారి పక్కన నిలబడడమే ధర్మం.